సర్వర్ మాట సరే, సాక్ష్యమేదీ?

వాలెట్ తెరవగానే కనిపించే బ్యాలెన్స్‌ను చాలాసార్లు ఏదో కంపెనీ సర్వర్ చెబుతుంది, వాలెట్ దాన్ని మనకు చూపిస్తుంది, అంతే. ఎవరినీ నమ్మే పని లేదంటూ పుట్టిన బ్లాక్‌చెయిన్‌కు ఇది నప్పని వ్యవహారం. సొంతంగా సరిచూసుకోవాలంటే ఫుల్ నోడ్ నడపాలి. ఈథీరియంకైతే టెరాబైటుకు మించిన డిస్క్, తెగని ఇంటర్నెట్ కావాలి. ఫోన్ వల్ల అయ్యే పని కాదది.

విరుగుడు మాత్రం 2008 నాటి సతోషీ నకమోటో బిట్‌కాయిన్ పత్రంలోనే ఉంది. బ్లాకులన్నీ దాచక్కర్లేదు, ఒక్కోటి 80 బైట్లుండే హెడర్లు చాలు. ఫలానా లావాదేవీ ఫలానా బ్లాకులో ఉందా అన్న అనుమానం వస్తే కొన్ని హాష్‌లు (డేటాకు వేలిముద్రల్లాంటివి) తెప్పించుకుని, కింది నుంచి పైకి లెక్క కట్టి, హెడర్‌లోని రూట్ హాష్‌తో పోల్చుకోవాలి. ఈ హాష్ చెట్టు ఆలోచన ఇంకా పాతది; రాల్ఫ్ మెర్కిల్ 1979లోనే దానిపై పేటెంటుకు దరఖాస్తు చేశారు. హెడర్లతోనే సరిచూసుకునే లైట్ క్లయింట్ల సంప్రదాయమంతా ఈ పునాది మీదే నిలబడింది.

మరి ఆ హెడర్ అసలుదేనా? ఈథీరియంలో 2021 అక్టోబరు నాటి ఆల్టేర్ అప్‌గ్రేడ్ దీనికి దారి చూపింది. 512 మంది వాలిడేటర్ల సింక్ కమిటీ హెడర్ల మీద సంతకాలు పెడుతుంది. సుమారు 27 గంటలకోసారి కమిటీ మారుతుంది. లైట్ క్లయింట్ సరిచూసేది ఆ సంతకాలనే. అయితే దొంగ హెడర్ మీద సంతకం పెట్టిన సభ్యుడికి జరిమానా పడే ఏర్పాటు లేదు. ఇది చిన్న వెలితేమీ కాదు.

ఇంతవరకూ రుజువయ్యేది రాసి ఉన్న విషయమే. వాడకందారు అడిగేవి వేరు: ఈ టోకెన్ అమ్మితే ఎంతొస్తుంది? ఆ జవాబు ఎక్కడా రాసి ఉండదు, కాంట్రాక్ట్ కోడ్ నడిపితేనే తేలుతుంది. అంటే క్లయింట్ లోపలే ఆ కోడ్‌ను నడిపే ఈథీరియం వర్చువల్ మెషీన్ ఉండాలి.

2022 నవంబరులో ఏ16జెడ్ క్రిప్టో సంస్థ విడుదల చేసిన హీలియోస్ అనే లైట్ క్లయింట్ ఆ యంత్రాన్ని కొత్తగా రాసుకోలేదు. రస్ట్ భాషలో అప్పటికే ఉన్న ఆర్‌ఈవీఎంను తెచ్చి బిగించుకుంది. ఈ యంత్రం బయటివాళ్లను అడిగేవి నాలుగే ప్రశ్నలు: ఈ ఖాతా వివరాలేమిటి, ఈ హాష్ గల కోడ్ ఏది, ఈ స్టోరేజ్ గడిలో ఏముంది, ఫలానా నంబరు బ్లాకు హాష్ ఎంత. జవాబు డిస్క్ నుంచి వచ్చిందా, నెట్ నుంచి వచ్చిందా అన్నది దానికి పట్టదు. ఇలా విడి భాగంగా తెచ్చి బిగించుకోగలగడంలో (మాడ్యులర్) అసలు విలువ ఇదే.

నడక ఇలా ఉంటుంది. ఈ కాల్ (కాంట్రాక్ట్ కోడ్‌ను నడపమనే అభ్యర్థన) ఏయే ఖాతాలను, గడులను తాకుతుందో చెప్పమని హీలియోస్ ముందు సర్వర్‌నే అడుగుతుంది. ఆ జాబితా ప్రకారం రుజువులన్నీ ఒక్కసారే తెప్పించి, హెడర్‌లోని స్టేట్ రూట్‌తో (ఖాతాలన్నింటి హాష్ చెట్టు రూట్) సరిచూస్తుంది. కోడ్ వచ్చినా హాష్ కట్టి పోల్చాకే లోపలికి రానిస్తుంది. గడి ఖాళీగా ఉందన్నా సరే, ఖాళీ అనడానికీ రుజువుండాల్సిందే. జాబితాలో ఏదైనా తప్పిపోతే? ఆర్‌ఈవీఎం నెట్ కోసం మధ్యలో ఆగి కూర్చోదు కాబట్టి, సమాచారం లేదన్న ఎర్రర్‌తో పని ఆగుతుంది. తప్పిపోయిన గడిని హీలియోస్ గుర్తుపెట్టుకుని, రుజువు తెచ్చి, కాల్‌ను మళ్లీ మొదటి నుంచి నడుపుతుంది. పూర్తయ్యేదాకా ఇదే తంతు. మొరటుగా కనిపిస్తుంది గానీ, నాకు నచ్చింది ఈ మొరటుతనమే. సర్వర్ జాబితా తప్పయితే కాస్త సమయం పోతుంది, జవాబు మాత్రం తప్పు కాదు.

బరువూ ఉంది. హార్డ్ ఫోర్క్ (నెట్‌వర్క్ నియమాల మార్పు) వచ్చినప్పుడు చాలాసార్లు గ్యాస్ ధరలో ఆప్‌కోడ్లో మారతాయి. యంత్రాన్ని అప్‌డేట్ చేయకపోతే రుజువులన్నీ సరిగ్గా ఉన్నా ఫలితం తప్పుతుంది. బ్లాకు సమయం, బేస్ ఫీజు లాంటివి కూడా సరిచూసిన హెడర్ నుంచే అందించాలి. ఇక్కడ తొందరపడి సర్వర్ మాట తీసుకుంటే చేసిందంతా వృథా.

సర్వర్ మౌనం వహిస్తే ఈ ఏర్పాటు ఏమీ చేయలేదు. మనం ఏ ఖాతా గురించి అడుగుతున్నామో కూడా సర్వర్‌కు తెలుస్తూనే ఉంటుంది. పైగా మొదలుపెట్టేటప్పుడు ఒక చెక్‌పాయింట్‌ను, అంటే ఒక ఇటీవలి బ్లాకు హాష్‌ను, నమ్మక తప్పదు. రెండు వారాలు దాటితే దాన్ని హీలియోస్ పాతదిగా లెక్కేస్తుంది. ఒకరికొకరు సంబంధం లేని రెండు మూడు చోట్ల నుంచి తాజా చెక్‌పాయింట్ తీసుకుని పోల్చుకోవడం వాడకందారు చేయాల్సిన పనే.