పాలలోని మార్ఫిన్ చుట్టం

ఈ వారం గోరంట్ల బస్టాండులో ఒక కుర్రోడు నా చేతిలో చీటీ పెట్టి పోయినాడు. నాటావు పాలు పొద్దున్నే ఇంటికి తెచ్చి పోస్తారంట, లీటరు నూటిరవై. అంతవరకు సంతోషమే. కింద ఎర్రక్షరాలతో ఇంకో మాట ఉంది: సీమావు పాలలో మార్ఫిన్ లాంటి మత్తు ఉంటుంది, మావి ఏ2 పాలు, మాతో ఆ భయం లేదు.

ఆ సాయంత్రమే హిందూపురం నుంచి మేనకోడలి ఫోను. "మామా, పాలల్లో మత్తుమందు ఉంటాదంట, వీడియోలో చూసినా. పిల్లోనికి పాలు నిలిపేసినా" అంది. వాడికి మూడేళ్లు కూడా నిండలేదు.

నాటావుల తరఫున ఈ కాలమ్‌లో నేనెంత వాదించానో పాత పాఠకులకు చెప్పనక్కరలేదు. ఆ లెక్కన చీటీ చూసి నేను పొంగిపోవాలి. పొంగలేకపోయాను. అమ్మేవాళ్ల చీటీకీ, భయపెట్టే వీడియోకీ మూలం ఒకే పరిశోధన. ఆ పరిశోధన ఎంత ఓపికతో జరిగిందో, ఎంత అందమైనదో ఆ రెండింటిలో దేనిలోనూ కనపడదు. ముందు దాని సంగతి చూద్దాం.

మార్ఫిన్ అంటే మనవాళ్లకు గుర్తొచ్చేది ఒకటి పెద్దాసుపత్రి, రెండోది హైవే పక్కన పాలసముద్రం దగ్గర 2024 జనవరిలో ప్రధాని ప్రారంభించిన నాసిన్ అకాడమీ. కస్టమ్స్, పరోక్ష పన్నులు, మాదకద్రవ్యాల వ్యవహారాలు చూసే అధికారులకు శిక్షణ ఇచ్చే చోటు అది. అందుకే ఆ మాట వింటేనే మనకు కేసులు, సంకెళ్లు కళ్లముందు మెదులుతాయి. శాస్త్రవేత్తలకు మాత్రం అది వేరే ప్రశ్నగా ఎదురైంది. గసగసాల కాయ పాలలోని పదార్థం మనిషి మెదడు మీద అంత కచ్చితంగా ఎలా పనిచేస్తోంది? 1973లో మూడు బృందాలు విడివిడిగా జవాబు చెప్పాయి: మన కణాల మీద దాన్ని అందుకునే గ్రాహకాలు ఉన్నాయి. అలాగైతే గసగసాల మొక్క కోసం మన ఒళ్లు గ్రాహకాలు పెట్టుకుని కూర్చుందా? మన ఒంట్లోనే పుట్టేదేదో ఉండాలి. 1975లో స్కాట్లాండులోని అబర్డీన్‌లో జాన్ హ్యూస్, హాన్స్ కోస్టర్‌లిట్జ్ పంది మెదడు నుంచి దాన్ని పట్టుకున్నారు. అయిదేసి అమైనో ఆమ్లాల చిన్న గొలుసులు రెండు. ఎన్‌కెఫలిన్లు అన్నారు.

వాళ్లు దాన్ని పట్టిన తీరు దగ్గర నేను కాసేపు ఆగుతాను. గినీపిగ్ చిన్నపేగు చివరి భాగంలో చిన్న ముక్క తీసుకుంటారు. ఒంటి వేడి ఉన్న ఉప్పునీటిలో వేలాడదీసి, ఆక్సిజన్ బుడగలు వదులుతారు. పేగు ముక్కకు దారం కట్టి, ఆ దారాన్ని కదలిక గీసే పరికరానికి తగిలిస్తారు. సన్నటి కరెంటు తాకించినప్పుడల్లా పేగు ముడుచుకుంటుంది, కాగితం మీద గీత లేస్తుంది. అందులో మార్ఫిన్ వేస్తే గీత పొట్టిదవుతుంది. ఇక్కడితో ఆగిపోయేవాడు పరిశోధకుడు కాడు. పేగును నెమ్మదింపజేసేవి లోకంలో సవాలక్ష. అందుకని అదే నీటిలో నలాక్సోన్ కలుపుతారు. అది మార్ఫిన్‌ను గ్రాహకం దగ్గర నుంచి పక్కకు నెట్టేసే మందు. నలాక్సోన్ పడగానే గీత మళ్లీ పైకి లేవాలి. లేస్తేనే మనం వెతికేది దొరికినట్టు. లేవకపోతే మళ్లీ మొదటికి. ఈ రెండో సగమే నాకు ఈ పనిలో ప్రాణం. తను కోరుకున్న జవాబు దొరికిన క్షణానే దాన్ని పడగొట్టే మందు తనే తెచ్చి పోయడం అలవాటుగా మార్చుకున్న వృత్తి అది.

ఇదే పరీక్ష చేతబట్టి విక్టర్ బ్రాంట్ల్, హాన్స్‌యోర్గ్ టెషెమాకర్, వాళ్ల సహచరులు జర్మనీలో ఆవుపాలలోని ప్రోటీన్ కేసీన్ దగ్గరికి వచ్చారు. ఎంజైములతో ముందే ముక్కలు చేసిన కేసీన్‌ను వడగట్టి, విడదీసి, ప్రతి భాగాన్నీ పేగు ముక్క మీద చూసుకుంటూ పోయారు. చివరికి ఏడు అమైనో ఆమ్లాల గొలుసు ఒకటి మిగిలింది. 1979లో దాన్ని బీటా కాసోమార్ఫిన్ అన్నారు. అదే ఏడాది అమెరికాలో క్రిస్టీన్ జియుద్రూ, వెర్నర్ క్లీ బృందం గోధుమ గ్లూటెన్‌నూ, పాల కేసీన్‌నూ పెప్సిన్‌తో జీర్ణం చేసి అలాంటి ముక్కలే చూసింది. బయటి నుంచి వచ్చేవి కాబట్టి వాటిని ఎక్సార్ఫిన్లు అంది. పాలు పాలుగా ఉన్నంతసేపు ఈ గొలుసుకు ఏ పనీ లేదు. వేరుశనగ కాయలో గింజలాగా పెద్ద ప్రోటీన్ లోపల ఒదిగి ఉంటుంది, ఎంజైము ఒలిస్తేనే బయటపడుతుంది.

1986లో బ్రాంట్ల్ బృందం ఇంకో అడుగు వేసింది. ఆవు రక్తాన్ని జీర్ణరసాల ఎంజైములతో కలిపి చూస్తే, నెత్తురుకు ఎరుపునిచ్చే హిమోగ్లోబిన్ నుంచి కూడా అలాంటి ముక్కలే రాలాయి. హీమార్ఫిన్లు. వాటిలో చిన్నదానికి నాలుగే అమైనో ఆమ్లాలు.

ఇది చదివిన రోజు నాకు మా అవ్వ గుర్తుకొచ్చింది. మారెమ్మ జాతరకు పొట్టేలును కోసేటప్పుడు అవ్వ సత్తుగిన్నె పట్టుకుని ముందే నిలబడేది. గిన్నెలో గుప్పెడు ఉప్పు, కొంచెం నీళ్లు. నెత్తురు పడుతుంటే చేత్తో తిప్పేది. తరువాత కదలకుండా మూతపెట్టి పక్కన ఉంచేది. గడ్డ కట్టాక ఉడికించి, కత్తితో చదరంగా కోసి, ఎర్రగడ్డలు, పచ్చిమిరపకాయలు, ఎండుకొబ్బరి వేసి పెనం మీద వేయించేది. వేగేటప్పుడు ముక్క బయట గోధుమరంగుకు తిరిగి, లోపల మెత్తగా ఉండాలి. గట్టిపడితే ఎవరూ తినరని వంగి వంగి చూసుకునేది. మొదటి ముక్కలు బాలింతలకు, ఆ తరువాత పొలంలో గుంటక తోలి వచ్చిన మగవాళ్లకు. "ఇది తింటే నెత్తురు పడతాది, ఒళ్లు నొప్పులు పోతాయి నాయనా" అనేది.

ఇక్కడ చాలామంది పెన్ను జారిపోతుంది. చూశారా, హీమార్ఫిన్ల సంగతి మన అవ్వలకు ముందే తెలుసు అని రాసేస్తారు. ఆ వాక్యంతో నాకు పాత తగాదా. అవ్వ చెప్పిన మొదటి మాట నిజం. నెత్తురు కూరలో ఒంటికి తేలిగ్గా పట్టే ఇనుము దండిగా ఉంటుంది, బాలింతకు అది కావాలి. రెండో మాటను ఎవరూ పేగు ముక్క మీద పెట్టి చూడలేదు, నలాక్సోన్ కలపలేదు. అవ్వ గొప్పతనానికి ఆమె తిప్పిన చెయ్యి చాలు. ఆమెకు తెలియని విద్యను ఇప్పుడు ఆమె నోట పెట్టడం మర్యాద కాదు.

హీమార్ఫిన్లకు నెత్తురు కూర తినే అవసరమూ లేదు. అవి మన ఒంట్లోనే తయారవుతాయి. స్వీడన్‌లోని ఉప్సాలాలో ఫ్రెడ్ నైబర్గ్ బృందం 1993లో దూరపు పరుగు పూర్తిచేసిన వాళ్ల రక్తంలో హీమార్ఫిన్ పెరిగిందని చూపింది.

ఇంకో సంగతి. పాల గొలుసు మొదట్లో టైరోసిన్ అనే అమైనో ఆమ్లం, దాని పక్కన ప్రోలిన్. నెత్తురు గొలుసులోనూ మొదట టైరోసిన్, పక్కన ప్రోలిన్. 2001లో జపానులోని క్యోటోలో మసాకి యోషికావా బృందం పాలకూర ఆకు ప్రోటీన్ నుంచి రూబిస్కోలిన్ అనే ముక్కను తీసింది. దానికీ టైరోసిన్, ప్రోలినే మొదలు. ఎండతో తిండి తయారుచేసే పనిలో పాల్గొనే ఆ రూబిస్కో ప్రోటీన్ ప్రతి పచ్చటాకులోనూ ఉంటుంది. పాలు, నెత్తురు, ఆకు మూడింటికీ తలకట్టు ఒకటే. పాలకూర మానేయమని ఏ వీడియో చెప్పలేదు.

ఇక ఆవుల తగాదా. బీటా కేసీన్ 209 అమైనో ఆమ్లాల గొలుసు. అందులో 67వ చోట ఏ2 రకంలో ప్రోలిన్, ఏ1 రకంలో హిస్టిడిన్ ఉంటాయి. హిస్టిడిన్ ఉంటే ఎంజైము అక్కడ సులువుగా కోస్తుంది, కాసోమార్ఫిన్ విడివడుతుంది. ప్రోలిన్ ఉంటే కోత చాలా కష్టం. మన నాటు జాతుల్లో దాదాపు అంతా ఏ2 అన్నది నిజమే. మన బర్రెలదీ ఏ2నే. సీమావుల్లోనూ ఏ2 ఉన్నవి చాలా ఉన్నాయి. మరి ఆ ముక్క మనిషికి రోగం తెస్తుందా? ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2009లో అప్పటి ఆధారాలన్నీ ముందేసుకుని, ఏ రోగంతోనూ కార్యకారణ సంబంధం తేలలేదని చెప్పింది. ఏ2 పాలతో కడుపుబ్బరం తగ్గిందని కొందరి మీద జరిగిన చిన్న పరీక్షలు చెబుతాయి, అదీ అందరిలో కాదు. మన దేశపు ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2024 ఆగస్టులో ఏ1, ఏ2 మాటలు ప్యాకెట్ల మీద నుంచి తీసేయమని ఉత్తర్వు ఇచ్చి, వారం తిరక్కముందే వెనక్కి తీసుకుంది. వ్యాపారం ఆ సందులో హాయిగా నడుస్తోంది.

మేనకోడలికి నేను చెప్పింది వేరు. తల్లిపాలలోని బీటా కేసీన్‌లోనూ ఇలాంటి గొలుసు ఉంది, దానికీ టైరోసిన్, ప్రోలినే మొదలు. "నువ్వు వాడికి పాలిచ్చినన్నాళ్లూ నీ పాలలో అది ఉండనే ఉంది కదమ్మా" అన్నాను. మార్ఫిన్ ముందు కాసోమార్ఫిన్ చాలా బలహీనం. పేగు గోడలోని ఎంజైములే దాన్ని నరికేస్తుంటాయి. అది పనిచేస్తే ముందుగా పనిచేసేది పేగు దగ్గరే. అక్కడా ఇవే గ్రాహకాలు ఉన్నాయి. విరేచనాలకు మెడికల్ షాపులో దొరికే లోపెరమైడ్ మాత్ర పేగు దగ్గరే ఆగి పనిచేసే ఓపియాయిడ్, అంటే మార్ఫిన్ తరహా మందు. పాలలో ఇలాంటి ముక్క ఉండటం కల్తీ కాదు, కుట్ర అంతకన్నా కాదు. పసిబిడ్డ పేగులో పాలు కొంచెం నిదానంగా నడవడం కోసమే అది పాలలో ఉందేమోనని ఆలోచించే శాస్త్రవేత్తలూ ఉన్నారు. ఆ ప్రశ్న ఇంకా తెరిచే ఉంది. పిల్లోనికి పాలు మళ్లీ మొదలుపెట్టమన్నాను.

అందుకే, నాటావు నా పక్షమే అయినా, ఈ వాదన నాకు వద్దు. పాలలో ఫలానాది ఉందన్న భయం మీద నాటావును నిలబెడితే, రేపు సీమావుల్లోనే ఏ2 జన్యువున్న వాటిని ఏరి మందలు కడతారు. న్యూజిలాండులో ఆ వ్యాపారం 2000లోనే మొదలైంది. అప్పుడు ఈ చీటీలోని గొప్ప అంతా ఆ మందలకు పోతుంది, మన హళ్లికార్ ఆవు ఎవరికీ అక్కరలేనిదవుతుంది.

హళ్లికార్‌ను మన పెద్దలు పాలకోసం మేపలేదు. అది పాలు తక్కువిచ్చే జాతి. మేపింది కోడెదూడల కోసం. ఘాటి పశువుల జాతరకు దొడ్డబళ్లాపురం దాకా పోయి మన రైతులు జతలు తెచ్చుకునేది వాటి కాళ్ల కోసం, ఎండకు ఓర్చే వాటి ఒంటి కోసం. ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే గొప్ప అనుకునే ఈ నేలలో, ఒక్క వానకు తడి ఆరకముందే గొర్రు కట్టి వేరుశనగ విత్తాలి. అద్దె ట్రాక్టరు వంతు వచ్చేలోగా ఆ తడి పోతుంది. ఇంటి ముందు జత ఉన్నవాడు ఆ పొద్దే విత్తుకుంటాడు. లీటరు పాలకు నూటిరవై అడిగే రైతు, ఆ ధరలో కోడెదూడ మేత ఖర్చు కూడా ఉందని చెప్పి అడిగితే నేను బేరం ఆడను.