పీనా బౌష్ ఐస్‌క్రీమ్

"అక్కా, నేనూ పీనా లాగే ఒంటిపూట తింటున్నా" అంది మా పిన్ని కూతురు జర్మనీ నుంచి ఫోన్ చేసి. అని నవ్వింది కూడా. నాకు నవ్వు రాలేదు.

విజయవాడలో పన్నెండేళ్ళు కూచిపూడి నేర్చుకుని, 2024 చివర్లో సమకాలీన నృత్యం చదవడానికి వెళ్ళిన పిల్ల. పీనా బౌష్ 2007లో క్యోటో బహుమతి సందర్భంగా చేసిన ప్రసంగాన్ని ప్రింటు తీసి తన చేతిలో పెట్టింది నేనే. స్త్రీల ఆత్మకథల మీద పిహెచ్‌.డి. చేసినదాన్ని, ఏ కథ ఎవరికి ఇస్తున్నానో చూసుకోవద్దూ!

పీనా కూడా ఒకప్పుడు పరాయి దేశంలో విద్యార్థినే. 1960 ప్రాంతంలో జర్మన్ స్కాలర్‌షిప్‌తో న్యూయార్క్‌లోని జూలియార్డ్ స్కూలుకి ఓడలో ఒంటరిగా వెళ్ళింది. ఇంగ్లీషు రాదు. ఏడాదికిచ్చిన డబ్బుతో రెండేళ్ళు ఉండాలని అన్నిచోట్లకీ నడిచే తిరిగింది. ఐస్‌క్రీమ్‌లో మజ్జిగ, నిమ్మరసం, బోలెడు పంచదార కలుపుకుని అదే భోజనం అనుకుంది. చిక్కిపోవడం తనకి నచ్చిందనీ, లోపలేదో స్వచ్ఛమవుతున్నట్టు అనిపించిందనీ చెప్పింది. ఈ ముచ్చట నేనూ క్లాసులో ఎంతో మురిపెంగా చెప్పాను.

ఆడవాళ్ళ పస్తు మనకి కొత్తా? శనివారాలు, కార్తీక సోమవారాలు, అందరూ తిన్నాక అడుగూ బొడుగూ. ఆకలికి పవిత్రత అంటగట్టడం మన ఇళ్ళకి బాగా తెలిసిన విద్యే. నాట్యంలో దాన్ని క్రమశిక్షణ అంటారు, అంతే తేడా. పీనాని తప్పుపట్టడం లేదు. ఆమె ఇంకో ఏడాది చదువు కోసం కడుపు మాడ్చుకుంది. మా చెల్లిది వడ్డీ లెక్కల పస్తు. వీసా కోసం 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్లో వేయాల్సి వచ్చింది, అందులోంచి నెలకి 992 చేతికొస్తాయి. ఆ డబ్బులో పిన్ని గాజులు తాకట్టుపెట్టి తెచ్చినదీ ఉంది. గది అద్దె పోగా మిగిలినదాంట్లోంచి ఆ వడ్డీకి పంపాలని దాని తాపత్రయం.

క్లాసులో తనకి అన్నిటికన్నా కష్టమైంది పడిపోవడమట. అరమండిలో నిలిపి అదుపులో పెట్టుకున్న ఒంటిని, బరువంతా వదిలేసి నేలకి అప్పగించమంటారు. 'ఒళ్ళు దగ్గర పెట్టుకో' అన్న మాట వింటూ పెరిగిన పిల్ల ఎలా వదులుతుంది? పడడం, పడి లేవడం డోరిస్ హంఫ్రీ నుంచి హోసే లిమోన్‌కి వచ్చిన పద్ధతి. లిమోన్ చిన్నప్పుడే మెక్సికో నుంచి అమెరికాకి వలస వచ్చినవాడు, జూలియార్డ్‌లో పీనాకి గురువు.

పీనా 1978లో చేసిన 'కఫే ముల్లర్'లో ఈ పడడం ఎంత దూరం పోయిందో చూడండి. మగవాడి చేతుల్లోంచి స్త్రీ జారి నేలమీద పడుతుంది. లేచి మళ్ళీ అతన్నే కావలించుకుంటుంది. మళ్ళీ పడుతుంది. ఎన్నిసార్లు వీడియో చూసినా నా కళ్ళు ఆమె మీదే ఉండేవి. ఆ ఫోన్ తర్వాత చూస్తే ఇంకొకతను కనిపించాడు. కళ్ళు మూసుకుని నడిచే ఆడవాళ్ళకి దెబ్బ తగలకుండా, ముందే పరిగెత్తి కుర్చీలు లాగేసే మనిషి. మొదట్లో ఆ పాత్ర వేసింది పీనా సహచరుడు, ఆ నృత్యానికి రంగాలంకరణ చేసిన రోల్ఫ్ బోర్జిక్.

అప్పుడు ప్రసంగం మళ్ళీ తీశాను. న్యూయార్క్ కెఫెటీరియాలో ఒకరోజు పీనా పర్సు పోయింది. భాష రాని ఆ పిల్లని నమ్మి, గల్లాలో కూర్చున్నతను ఇంటికెళ్ళడానికి ఎదురు డబ్బిచ్చి పంపాడు. ఇదీ ఆ ప్రసంగంలోనే ఉంది. నేను ఐస్‌క్రీమ్ ఒక్కటే గుర్తుపెట్టుకున్నాను! మా చెల్లికీ అదే అందించాను.

గాజుల వడ్డీ మొన్న ఉగాది నుంచి నేను కడుతున్నాను. పిన్నికి చెప్పలేదు. ఫోన్ చేయగానే, "ఏం వండుకున్నావే?" అని అడుగుతున్నాను. పప్పుచారు అంటుంది, పులిహోర అంటుంది. మోకాళ్ళ మీద కమిలిన మచ్చలు మాత్రం వీడియోలో గర్వంగా చూపిస్తుంది. పప్పుచారు మాట నిజమో కాదో గొంతుని బట్టి పోల్చుకోలేకపోతున్నాను.