డార్విన్ పుస్తకంలో ఒకే ఒక్క బొమ్మ

మత్స్యం, కూర్మం, వరాహం... "దశావతారాలంటే ఎవల్యూషనే కదా!" అని టెన్త్‌లో గొప్పగా చెప్పింది నేనే. సార్ కూడా భేష్ అన్నారు. డార్విన్‌ని కాదనేవాడు కనీసం వాదిస్తాడు. నాకు ఆ అవసరమే రాలేదు, తెలుసనుకున్నాను మరి.

1859 నాటి 'ఆరిజిన్ ఆఫ్ స్పీసీస్' మొన్నీమధ్యే చదివాను. అందులో ఉన్నది ఒకే ఒక్క బొమ్మ: కొమ్మలుగా చీలే గీతలు. చాలా గీతలు మధ్యలోనే ఆగిపోతాయి. నా తలలో ఉన్నదేమో నిచ్చెన, పై మెట్టు మీద మనిషి. అవతారానికి ఒక ఉద్దేశం ఉంటుంది. ఈ కొమ్మలకి లేదు.

ఎంపీసీ వాళ్ళకి బయాలజీ టెన్త్‌తో సరి. 2023 నుంచి ఎన్‌సీఈఆర్‌టీ టెన్త్ పుస్తకంలో పరిణామం పాఠమూ లేదు. ఇక పుస్తకమే దిక్కు. మొదట్లో పావురాల పెంపకం గురించి పేజీలకు పేజీలు రాశాడు. విసుగొచ్చినా దాటెయ్యకండి, వాదన మొదలయ్యేది అక్కడే.