దినముల లెక్క : ఎల్కార్టు మరణవార్తల రచనారీతి

మరణవార్త సాహిత్యమగునా యను ప్రశ్నకు అలంకారశాస్త్రములో సమాధానము దొరకదు. కరుణము రసమే కాని, పత్రిక చివరి పుటలో అయిదు పంక్తులుగా అచ్చయిన ఒక రైతుభార్య మరణమును ఏ లాక్షణికుడును కరుణమునకు ఉదాహరణముగా చూపి యుండలేదు. అట్టి వార్తలను చరిత్రకారులు తేదీలకై, వంశవృక్షములు వ్రాయువారు పేర్లకై వెదకుదురు. పని తీరినంతనే పుట మూయుదురు. సాహిత్యపరులు ఆ పుటను తెరువనే తెరువరు. మేమీ వ్యాసమున పరిశీలింపబూనినది పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున ‘హెరాల్డ్ ఆఫ్ ట్రూత్’ అను పత్రికలో వెలువడిన అమెరికా మెన్నొనైటు రైతుల మరణవార్తలను. వాని వాక్యములన్నియు ఒకే మూసలో పోసినవను మాట నిజము. కాని ఆ మూసలోనే వాని అర్థమున్నదనియు, మూస ఎచ్చట బీటవారునో అచ్చటనే దుఃఖము బయటపడుననియు మా అభిప్రాయము.

మొదట ఆ సమాజమును గూర్చి కొంత చెప్పవలసి యున్నది. మెన్నొనైటులు పదునారవ శతాబ్దిలో యూరపున పుట్టిన క్రైస్తవశాఖవారు. మెన్నో సైమన్స్ అను డచ్చు బోధకుని పేరిట వారికా పేరు వచ్చినది. వారు శిశువులకు బాప్తిస్మ మీయరు. బుద్ధి తెలిసి తానై కోరినవానికే యిత్తురు. ఆయుధము పట్టరు. ఈ నియమములకుగాను స్వదేశములలో హింసల పాలై, 1683 మొదలు పెన్సిల్వేనియాకు వలసవచ్చి, అచ్చటనుండి ఒహాయో, ఇండియానా ప్రాంతములకు వ్యాపించి సేద్యము చేసికొని బ్రదికిరి. తెలుగువారికి ఈ పేరు క్రొత్తది కాదు. మెన్నొనైటులలో 1860లో రష్యాయందు ఏర్పడిన ‘బ్రదరన్’ శాఖకు చెందిన అబ్రహాము ఫ్రీసెన్ దంపతులు 1890లో నల్లగొండలో నెలకొనిరి. పాలమూరు ప్రాంతమున ఆ శాఖ సంఘములు నేటికిని కలవు. మా చర్చ మాత్రము అమెరికాలోని పాతశాఖవారిని గూర్చినది. వారిలో జాన్ ఎఫ్. ఫంక్ అను యువకుడు 1864 జనవరిలో షికాగో నగరమున ఈ పత్రికను, దానికి తోడుగా జర్మను భాషలో మరియొక పత్రికను ప్రారంభించెను. 1867లో ముద్రణాలయమును ఇండియానాలోని ఎల్కార్టుకు మార్చెను. 1908లో ‘గాస్పెల్ హెరాల్డు’ దాని స్థానమును పొందువరకు, పల్లెలనుండి వ్రాసి పంపిన మరణవార్తలు అందు అచ్చగుచునే యుండెను. ఇండియానాలో మరణముల నమోదు 1882లో గాని మొదలు కాలేదు. పెన్సిల్వేనియాలో రాష్ట్రవ్యాప్తమగు నమోదు 1906లో గాని నెలకొనలేదు. కనుక పెక్కుమందికి ఈ అయిదు పంక్తులును, సమాధిరాయియు తప్ప వేరు లేఖ్యము లేదనవచ్చును.

ఇక మూస. తొలినాళ్ల వార్తలో మొదట తేదీ వచ్చును, పిమ్మట జిల్లా, రాష్ట్రము, పిమ్మట వ్యాధి, అటుపైని గాని పేరు రాదు. పేరు వెనుక వయస్సు, ఖననము చేసిన స్థలము, ప్రసంగించిన బోధకుల పేర్లు, ప్రసంగమునకు మూలమైన వేదవాక్యపు సంఖ్య ఉండును. క్షయ, సన్నిపాతజ్వరము, జలోదరము, కంఠసర్పి, ప్రసూతి — వ్యాధి పేరు మనిషి పేరుకంటె ముందు నడచును. మన శాసనములతో పరిచయమున్నవారికి ఈ క్రమము వింతగా తోచదు. అందును శకవర్షము, తిథివారములు చెప్పిన తరువాతనే దాత పేరు వచ్చును. అయితే శాసనమున ఆ తేదీ దాత కీర్తికి పీఠము. ఇచ్చట తేదీకి పీఠపు పని లేదు. కాలము, నేల, రోగము అను మూడింటి నడుమ మనిషి చిన్నవాడై కనబడుటయే ఆ వాక్యనిర్మాణమునకు ఫలము.

వయస్సు చెప్పు తీరు మరింత గమనింపదగినది. ముప్పదినాలుగేండ్లని చెప్పి ఊరకొనరు. ముప్పదినాలుగు సంవత్సరముల అయిదు నెలల పండ్రెండు దినములందురు. దీనినిబట్టి పరిశోధకుడు పుట్టినతేదీని వెనుకకు లెక్కింపవచ్చును గాని జాగ్రత్త వలయును. మాటవరుసకు, పైవయస్సు గల స్త్రీ 1871 మార్చి 10న మరణించినదనుకొందము. దినములు మొదట తీసివేసి, పిమ్మట నెలలను తీసివేసినచో 1836 సెప్టెంబరు 26 వచ్చును. నెలలు మొదట తీసివేసినచో సెప్టెంబరు 28 వచ్చును. నెలల నిడివి సమానము కాదు గనుక ఈ భేదము తప్పదు. ఇట్టి రెండు దినముల తేడానుబట్టి ఇద్దరు వ్యక్తులను కల్పించిన వంశచరిత్రలుండిన మాకు ఆశ్చర్యము లేదు.

కాని ఆ లెక్క పరిశోధకునికొరకు చేసినది కాదు. మన చరమశ్లోకమును ప్రక్కన పెట్టి చూచిన విషయము తెలియును. చరమశ్లోకము సంవత్సరమును, మాసమును, పక్షమును, తిథిని చెప్పును. గతించినవాని వయస్సుతో దానికంతగా పని లేదు. ఏలయన, ఏటేట ఆ తిథినాడు పెట్టవలసిన ఆబ్దిక మున్నది. బ్రదికినవారు చేయవలసిన కర్మ ఏదో, దానికి కావలసిన లెక్కనే శ్లోకము భద్రపరచును. మెన్నొనైటు రైతుకు ఆబ్దికము లేదు. అతని శ్రద్ధ గతించినదినముమీద కాక గడచిన దినములమీద నిలచినది. కీర్తనల గ్రంథములో తొంబదవ కీర్తన, మా దినములను లెక్కించుట నేర్పుమని వేడుకొను ప్రార్థన. విత్తిననాటినుండి కోతకు దినములెన్నుకొను జాతి దానిని అక్షరాల పాటించినట్లున్నది.

స్తుతి యన్నది ఈ తొలివార్తలలో చాల తక్కువ. వినయము వారికి మతధర్మము. చచ్చినవానినైన పొగడుట అహంకారమునకు త్రోవ యని వారి తలంపు. ఈ పొదుపునకు వెనుక మరియొక గ్రంథపు నీడ కలదు. తమ పూర్వులలో అగ్నికి, నీటికి బలియైనవారి వృత్తాంతములను 1660లో వాన్ బ్రాహ్ట్ అను డచ్చు బోధకుడు పెద్దగ్రంథముగా కూర్చెను. అదియే ‘హతసాక్షుల దర్పణము’. ఎల్కార్టు ముద్రణాలయమే దానిని 1870లో జర్మనున, 1886లో ఇంగ్లీషున అచ్చువేసెను. చిత్రవధలకు ఓర్చినవారి వాఙ్మూలములు పుటలకు పుటలు నిండిన గ్రంథమును, జ్వరముతో పోయిన రైతుకు అయిదు పంక్తులిచ్చిన పత్రికను ఒకే యంత్రము ముద్రించెను. అట్టి గ్రంథమింటనున్నవాడు తన తండ్రి మరణమును గూర్చి ఎక్కువ మాటలాడుటకు వెనుదీయుట సహజము.

స్త్రీలవిషయమున మూస కొంత కఠినము. ఫలానావాని భార్య యనునది పలుచోట్ల ముందు వచ్చును. కొన్నిట పుట్టినింటి పేరు నిలచినది, కొన్నిట అదియు లేదు. మాటలు రాని శిశువు, ఫలానావారి పసికొడుకు మాత్రమే. అయినను ఆ పసికొడుకునకును నెలలు, దినములు లెక్కింతురు. పేరు చెప్పని చోటను లెక్క మానలేదు. కంఠసర్పి చొచ్చిన యింట కొలది దినములలోనే ఇద్దరు, ముగ్గురు బిడ్డలు పోయినపుడు వారి వయస్సులు ఒకదానిక్రింద నొకటి వరుసగా వచ్చును. విశేషణ మొక్కటి లేదు. అంకెలు తగ్గుచు పోవును. ఇంతకు మించిన శోకవాక్యమును కోరువారు ఈ పుటలను చదువకుండుటే మేలు.

మూస సడలు తావులు రెండు. మొదటిది ఆకస్మికమరణము. నూర్పిడియంత్రములో పడినవాడు, బెదరిన గుఱ్ఱములు ఈడ్చినవాడు, నరకిన చెట్టు పైబడినవాడు — వీరి వార్తలు ఒక్కసారిగా పొడుగగును. ఉదయమున ఏ పనికి వెళ్లెనో, ఎవరు చూచిరో, ఎన్ని గంటలు ప్రాణముండెనో అన్నియు చెప్పబడును. మంచముపై పోయినవానికి తుదిమాటలున్నవి, పాటలున్నవి, సెలవు తీసికొనుట యున్నది. ఇతనికవి లేవు. ఆ లోటును కథనము పూరించుచున్నది. గ్రామీణవచనమునకు చక్కని మచ్చుతునకలు కావలెనన్న ఇచ్చట వెదకవచ్చును.

రెండవది ఇంతకంటె లోతైనది. మెన్నొనైటు సిద్ధాంతమున బాప్తిస్మము లేని శిశువు నిర్దోషి. కనుక శిశువుల వార్తలలో నిరీక్షణ నిస్సంకోచముగా పలుకును. సంఘమున చేరి పోయిన వృద్ధుని గూర్చియు సందేహము లేదు. ఈ రెంటి నడుమ నున్నవారి గతి యేమి? ఆ కాలమున యువజనులు పెండ్లినాటికో, ఆ తరువాతనో గాని సంఘమున చేరుట వాడుక కాదు. పందొమ్మిదేండ్ల కొడుకు బాప్తిస్మము పొందకయే పోయినచో వార్త వ్రాయువాడు ఏమనవలెను? ప్రభువునందు నిద్రించెననుటకు వానికి అధికారము లేదు. లేదనుటకు నోరు రాదు. అపుడు వాక్యము దారి తప్పును. చనిపోయినవానిని విడిచి బ్రదికియున్న యువకులవైపు తిరిగి, ఆలసింపవద్దని హెచ్చరించును. మంచముపై బాలుడు ప్రార్థించెననియో, కోలుకొన్నచో సంఘమున చేరుదునని పలికెననియో చెప్పి, అంతకుమించి ఒక్కమాట పలుకక నిలచిపోవును. ఈ హెచ్చరికలను నీరసోపదేశములని త్రోసివేయుట సులభము. మేమును మొదట అట్లే చేసితిమి. పలుమారు చదివిన పిమ్మట గాని, అది ఉపదేశము కాదనియు, చెప్పలేని మాటకు అడ్డముగా నిలిపిన తెర యనియు మాకు తోచలేదు. తండ్రి అడుగగోరిన ప్రశ్న ఒక్కటే. ఆ ప్రశ్న మాత్రము అచ్చులో ఎచ్చటను లేదు.

1881 నుండి జాన్ ఎస్. కాఫ్మన్ మొదలైనవారు జరపిన ఉజ్జీవసభలవలన యువకులు ముందుగానే బాప్తిస్మము పొందసాగిరి. దానితో పై చెప్పిన సంకటము అరుదై, వార్తలకు ధైర్యము వచ్చెను. సంఘమున చేరుట, ఓర్పు, తుదిమాటలు, అక్కడక్కడ పద్యములు ప్రవేశించినవి. శతాబ్ది తిరుగునాటికి వాక్యక్రమమే మారెను: ఇంటిపేరు తలపైకి వచ్చెను, జననము ముందు, పిదప వివాహము, సంతానము, తుదకు మరణము. పరిశోధకునికి ఇది మేలైన రూపము. మనిషి చరిత్ర దొరకును. మా రుచికి మాత్రము పాతదే బలమైనది. పుట్టుకతో మొదలగు వాక్యము మరణమును కథకు ముగింపుగా సర్దివేయును, పాతవాక్యము అట్టి సర్దుబాటు చేయలేదు. అయినను క్రొత్తవారును లెక్కను విడువలేదు. 1908 తరువాతి ‘గాస్పెల్ హెరాల్డు’ పుటలలోను ప్రతి పేరు వెంట సంవత్సరములు, నెలలు, దినములు పొడియక్షరములతో అచ్చగుచునే వచ్చినవి.