గరగరను ఉండనివ్వండి

ఫిడేలు విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడుగారి పాత రికార్డులు ఈమధ్య ఫోన్లలో బాగానే తిరుగుతున్నాయి. సంతోషమే. కానీ నాదాకా వచ్చినవాటిలో చాలామట్టుకు ఎవరో కష్టపడి ‘శుభ్రం’ చేసినవి. సూది గరగర పోయింది. దాంతోపాటు కమాను తీగను రాసుకునే చప్పుడూ పోయింది. రెండూ హెచ్చుస్థాయి ధ్వనులే కాబట్టి సాఫ్ట్‌వేర్‌కి ఆ తేడా అంతగా పట్టదు. మిగిలేది నున్నటి నాదం, ఏ కీబోర్డు మీదనో వాయించినట్టు.

నాయుడుగారి వాద్యంలో సొగసంతా ఆ కమానులోనే ఉందని నా నమ్మకం. నిడుపాటి కమాను. ఒక్క స్వరం మీద సన్నగా మొదలై, నిండుగా సాగి, మళ్లీ సన్నబడేదాకా తెగదు. దిశ మారేచోట చెవి ఒగ్గితే చిన్న రాపిడి వినిపిస్తుంది. ఆ మరుక్షణమే వేలు జారుతుంది. ఆ కాలపు 78 ఆర్‌పీఎం రికార్డు ఒక పక్కకు పట్టేది సుమారు మూడు నిమిషాలు. అంత ఇరుకులోనూ ఆయనకు తొందర లేదు. (ఇప్పటి కచేరీల్లో మైకు సరిచేసుకోడానికే అంత సమయం పడుతుంది.)

నాయుడుగారు 1893లో బెంగళూరులో పుట్టి, విశాఖలో పెరిగి, 1919లో విజయనగరం సంగీత కళాశాలలో ఫిడేలు గురువుగా చేరారు. 1936లో ఆదిభట్ల నారాయణదాసుగారి తర్వాత అక్కడే ప్రిన్సిపాల్ అయ్యారు. 1941లో సంగీత కళానిధి. చూపు అంతంతమాత్రం. పక్కవాద్యంగా ఉన్న ఫిడేలుకి సొంత కచేరీ చేసే హోదా తెచ్చినవాళ్లలో ఆయనది ముందువరుస. ఆ హోదా తెచ్చిన కమానే వినపడకపోతే ఇక రికార్డు ఎందుకు?

వేగం సంగతి మరొకటి. కాపీ చేసేటప్పుడు ప్లేటు నూటికి ఆరు పాళ్లు జోరుగా తిరిగినా చాలు, శ్రుతి హార్మోనియం మీద పక్క మెట్టు ఎక్కేస్తుంది. గమకాలు కంగారుపడతాయి. విన్న కుర్రాళ్లు నాయుడుగారి నడకే అంత అనుకుంటారు.

మీ ఇంట్లో అటక మీద అలాంటి ప్లేట్లుంటే స్పిరిట్‌తో తుడవకండి. అవి లక్కతో చేసినవి, స్పిరిట్‌కి కరుగుతాయి. ఒకదానిమీద ఒకటి పేర్చకుండా నిలువుగా పెట్టండి. కాపీ తీయడానికి ఎవరికైనా ఇస్తే, శుభ్రం చేసినదాంతోపాటు ఏమీ తీసెయ్యని కాపీ కూడా ఒకటి అడిగి పుచ్చుకోండి.