నవ్వేది ఎవరిని చూసి?

కామారెడ్డిలో గానీ, ఎల్లారెడ్డిలో గానీ మధ్యతరగతి ఇళ్ళల్లో రెండు భాషలుంటాయి. వంటింట్లో ఒకటి, ముందుగదిలో ఇంకొకటి. "గట్ల కూసోకురా" అని కసిరిన తల్లే, గడపలో చుట్టం కనపడగానే "అలా కూర్చోకు నాన్నా" అంటుంది. ఆ చుట్టం ముందు పిల్లవాడు "గిట్లైంది" అన్నాడా, తొడపాశం తప్పదు! మన మాట నలుగురిలో నవ్వులపాలవుతుందన్న ఆ భయంతోనే బతుకుతెరువు చేసుకున్న కళాకారుడు ఒకాయన ఉన్నాడు. బిత్తిరి సత్తి.

అసలు పేరు రవి. రంగారెడ్డి జిల్లా చేవెళ్ళ దగ్గరి పామెన ఊరివాడు. మిమిక్రీ నేర్చి, పట్నం చేరి, చివరికి వి6 'తీన్మార్ వార్తలు'తో ఇంటింటికీ చుట్టమయ్యాడు. బిత్తిరి అంటే తెలుసుగా, బెదురుచూపుల అమాయకుడు. ఏదీ సరిగ్గా అర్థం కాదు, అయినా అన్నీ అడుగుతాడు. ఆ అడగటంలోనే పెద్దవాళ్ళ గుట్టు కాస్తా బయటపడుతుంది.

అయితే ఇందులో కొత్తేముంది, మన యాసను చూసి నవ్వడం సినిమావాళ్ళు ఎప్పుడో నేర్పారు కదా అంటారేమో. నిజమే. 1980లో విడుదలైన 'మా భూమి' లాంటి ఒకటీ అరా తప్ప, తెర మీద ఈ మాట ఎక్కువగా రౌడీలకీ, నౌకర్లకీ దక్కింది. 1985లో 'ప్రతిఘటన'లో కృష్ణా జిల్లాకి చెందిన కోట శ్రీనివాసరావు గారు దుర్మార్గుడి పాత్రకి ఈ యాసే పలికారు. నటన గొప్పదే, కాదనను. కానీ హీరోయిన్ ఆ మాట మాట్లాడదు. అదీ బాధ.

తీన్మార్‌లో జరిగింది వేరు. సత్తి పక్కన కూర్చున్న సావిత్రి కూడా అదే మాట మాట్లాడింది. ఆమె శివజ్యోతి, మన పాత నిజామాబాద్ జిల్లా ఆడబిడ్డే. చక్కగా చీర కట్టుకుని, నదురు బెదురు లేకుండా, దేశం ముచ్చట్లన్నీ మనం బావి దగ్గర చెప్పుకున్నట్టు చెప్పింది. తెలివైనదీ ఆ భాషే, తెలివితక్కువదీ ఆ భాషే అయినప్పుడు ఇక యాసని చూసి నవ్వడానికి చోటెక్కడ? నవ్వు వచ్చేది సత్తి తింగరితనానికి. అదే ఛానెల్లో 'మాటకారి మంగ్లీ' అయిన జానపద గాయని మంగ్లీది అనంతపురం జిల్లా బంజారా కుటుంబం. ఆమే ఈ మాట నేర్చుకుని మురిపెంగా మాట్లాడింది. పరాయి ఊరివాళ్ళు మన యాస పలకడంలో 1985కీ దీనికీ ఎంత తేడా, చూడండి!

అయినా 2017 నవంబరులో ఛానెల్ ఆఫీసు ముందే ఒకతను సత్తి మీద దాడి చేశాడు. తెలంగాణ భాషని అవమానిస్తున్నాడని అతని కోపం. కొట్టడం తప్పు, అందులో రెండో మాట లేదు. కానీ ఆ అనుమానం చదువుకున్న మన ఇళ్ళల్లోనూ ఉన్నదే. దానికి నా జవాబు పైన చెప్పిందే. ఒక్క షరతు మాత్రం ఉంది: పక్కన సావిత్రి ఉండాలి. సత్తి ఒక్కడే గొంతు పెంచి గెంతులేసిన చోట ఆ త్రాసు ఒకవైపుకి ఒరిగిపోతుంది. ఆయన వి6 వదిలి టీవీ9కి, తరవాత సాక్షికి వెళ్ళాడు. 2019లో పాటల మనిషి రసమయి బాలకిషన్ నిర్మించిన 'తుపాకి రాముడు'లో హీరో కూడా అయ్యాడు. పేరుకి లోటు రాలేదు గానీ, నాకు మాత్రం ఆ జోడీ ముచ్చటే యాదికొస్తుంది.

ఇంకొక్క మాట. నవ్వుల వార్తలు మన మాటలో అయిపోగానే అసలు వార్తలు పుస్తకాల భాషలో మొదలవుతాయి. బడ్జెట్టు, వానలు, కోర్టు తీర్పు చెప్పడానికి మన మాట ఎందుకు చాలదు? పొలంలో నీళ్ళ లెక్కా, బ్యాంకులో అప్పు లెక్కా ఎల్లారెడ్డి రైతు ఈ మాటలోనే కదా చూసుకుంటున్నాడు!

దీన్ని మార్చడం సత్తి ఒక్కడి వల్ల అయ్యే పని కాదు లెండి. అక్కడ ఛానెల్ వాళ్ళ చేతిలో ఎంతుందో, ఇక్కడ మన చేతిలోనూ అంతుంది. ఈసారి చుట్టం ముందు బాబు "గిట్లైంది" అంటే, ఏమైందో అడగండి. పూర్తిగా చెప్పనివ్వండి.