పెట్టెలో కనిపించని పరికరం

వాచ్ రిపేరుకు చిన్న లేత్ కొనేవారి చూపు ముందు దాంతో వచ్చే పెట్టె మీద పడుతుంది. స్లైడ్ రెస్టు, మూడు దవడల చక్, పళ్ళచక్రాలు కోసే అమరిక, వరసగా పేర్చిన కాలెట్లు... పెట్టె నిండుగా ఉంటే లేత్ కూడా గొప్పదనిపిస్తుంది. నాకు మాత్రం వీటన్నిటికన్నా ఎక్కువ నమ్మదగ్గది ఆ పెట్టెలో ఉండని ఇత్తడి ముక్క, దాని మీద వేడిచేసి పెట్టే చిటికెడు లక్క.

బ్యాలెన్స్ చక్రాన్ని మోసే ఇరుసునే చూడండి. దాని చివరి మొన ఇంచుమించు 0.10 మిల్లీమీటర్ల మందం. దాన్ని పట్టుకున్న కాలెట్ నడిమధ్య నుంచి 0.01 తప్పినా మొన మందంలో పదో వంతు తేడా వచ్చినట్టే. ఒక కొసను తరిగి, తిప్పి పట్టి రెండోది తరిగినప్పుడు ఈ తప్పు బయటపడుతుంది: రెండు మొనలూ ఒకే గీతమీద ఉండవు. లక్కతో పట్టేటప్పుడు ఇత్తడి ముక్కలోని శంకువులాంటి గుంటను ఆ లేత్ మీదే, ఆ స్పిండిల్‌లోనే తొలుస్తారు. కనుక అది తప్పక స్పిండిల్ నడిమధ్యనే ఉంటుంది. పూర్తయిన మొనను ఆ గుంటలో ఆనించి, లక్క మెత్తగా ఉండగానే నెమ్మదిగా తిప్పుతూ సన్నని కర్రపుల్లతో బయటి కొసను ఊగకుండా సరిచేస్తారు. చల్లారితే అది అలాగే నిలిచిపోతుంది. ఏటికొప్పాక బొమ్మలకు రంగు పట్టించే లక్కే ఇక్కడ బిగింపు పని చేస్తుంది.

ఇది ఆలస్యం, బలంగా కోస్తే ఊడిపోతుంది అంటారు. రెండూ నిజమే. అయితే ఇంత సన్నని మొనమీద బలమైన కోత ఎవరూ వెయ్యరు, వెంట్రుకంత పొట్టే తీస్తారు. తిరిగి మొదటినుంచి ఇరుసు చేసుకోవడం కన్నా దీపం వెలిగించడం ఎక్కువ సేపేమీ కాదు. వేడికి ఉక్కు పదును పోతుందన్న భయానికీ ఆధారం తక్కువ. లక్క మెత్తబడేది వంద డిగ్రీలలోపే, ఉక్కు నీలిరంగుకు తిరిగేది 300 సెల్సియస్ దగ్గర. మంట నేరుగా ఉక్కుకు తగలకుండా ఇత్తడిని మాత్రమే వేడిచేస్తే చాలు. పనయ్యాక అంటిన లక్కను స్పిరిట్ కరిగించేస్తుంది.

పళ్ళచక్రం కోయడానికి మాత్రం లక్క చాలదు. దానికి విభజన పలక, కోత అమరిక ఉండి తీరాలి. అవి కొనాలి, అదీ మంచివి. కాలెట్ల సంగతీ అంతే: రోజూ వచ్చే కొలతలకు నిఖార్సైనవి ఐదో ఆరో ఉంటే, అరిగిన యాభై కన్నా నయం.